జాషువాకవి బాల్యము

“పువ్వు పుట్టగనే పరిమళించు” నని పెద్దలందురు. మహాకవుల చరిత్రములు చెప్పునపుడు ఈ సామెత తప్పక వినబడుచుండును. కాని ఆ పువ్వు పూచిన మొక్క యే నేలలో వేళ్లూనినది, ఆ నేలలో నెన్ని రాళ్లున్నవి, దానికి నీరు పోసిన చేయి యెవరిది అని విచారించువారు తక్కువ. పద్యము విని యానందింతుము. కవి పేరు తలచి నమస్కరింతుము. ఆ కవియు నొకనాడు పలక చంకబెట్టుకొని బడికి బోయిన పసివాడే యనియు, ఆనాడు వాని నెవరో యన్న మాట, ఎవరో చేసిన మేలు వాని హృదయమున నిలిచి యనంతరము పద్యమైనదనియు మనకు స్ఫురింపదు. పిల్లలను పెంచు భారములో హెచ్చుపాలు వహించు స్త్రీలకు ఈ విచారము మిక్కిలి యవసరమైనది. కావున గుఱ్ఱము జాషువాగారి బాల్యమును గూర్చి కొంత ముచ్చటింపదలచితిని.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల సోదరీమణులకు జాషువాగారి జన్మస్థలమైన వినుకొండ పరాయి సీమ కాదు. గుంటూరునుండి నంద్యాలకు బోవు రైలు వినుకొండ దాటిన పిమ్మట దొనకొండ, మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరు స్టేషన్లలో నాగి నల్లమల యడవిలో బ్రవేశించును. గుండ్లకమ్మ యీ మార్గమునకు ఎదురు దిక్కుగా వచ్చును. నల్లమలలో బుట్టి, కంభము చెఱువును నింపి, మార్కాపురపు సీమ మీదుగా వినుకొండ ప్రాంతమునకు వచ్చి, అచ్చటనుండి అద్దంకి వైపు మరలి సముద్రమును జేరును. ఒకే యేఱు, ఒకే రైలు, ఒకే తీరు మెట్టపొలములు. వాన కురిసిన జొన్న, సజ్జ; కురియనిచో వలస. ప్రభుత్వములు గీసిన గీతలు మాత్రము మాటిమాటికి మారినవి. జాషువాగారు పుట్టిననాడు వినుకొండ కృష్ణా జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లాలోనికి వచ్చెను. 2022లో పల్నాడు జిల్లాలో జేరెను. మార్కాపురము, గిద్దలూరు 1970 వరకు కర్నూలు జిల్లాలో నుండి, ఆ యేట నేర్పడిన ఒంగోలు జిల్లాలో గలిసినవి. ఆ జిల్లాయే పిదప ప్రకాశము జిల్లా యను పేరు దాల్చినది.

మార్కాపురమన్నంతనే చదువుకొన్నవారికి జ్ఞప్తికి వచ్చునది పలక. ఆ నేలలోని రాతిని పొరలు పొరలుగా చీల్చి, నునుపు చేసి, చెక్కచట్రములు బిగించి పంపిన పలకలమీద దేశమున లెక్కలేనంతమంది బిడ్డలు ఓనమాలు దిద్దిరి. పలకకు కులము లేదు. ఎవరు బలపము పట్టినను అక్షరము తెల్లగనే పడును. కాని జాషువాగారి చిన్ననాట బలపము పట్టిన చేయి యెవరిదని చూచి, తరువాతనే యక్షరమును జూచు లోకముండెను. వారి బాల్యకథయంతయు నీ యొక్క విషయము చుట్టు తిరుగుచున్నది.

కరవు తెచ్చిన బడి

జాషువాగారి పుట్టుకకు దాదాపు ఇరువది యేండ్లు ముందు, 1876 మొదలు 1878 వరకు, దక్షిణదేశము నంతటిని ధాత యీశ్వర కరవు పీడించెను. ఒంగోలు, కనిగిరి, పొదిలి, మార్కాపురము, వినుకొండ సీమలలో జనము గంజికి మొగము వాచిరి. అందఱికంటె ముందు మాడినది భూమి లేని మాలమాదిగ కుటుంబముల కడుపులు. ఆ కాలమున ఒంగోలులో నుండిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో నొక భాగమును గుత్తకు దీసికొని వేలమందికి కూలి చూపిరి. కరవు తగ్గిన పిమ్మట 1878వ సంవత్సరము జూలై 3వ తేదీని, ఒక్కదినముననే, గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పిదప పడమటి తాలూకాలకును మిషను వ్యాపించి, దానితోగూడ బడులును వచ్చినవి.

ఈ కథ నిచ్చట జెప్పుట మతప్రశంసకు గాదు. ఊరిబడి యరుగుమీద కూర్చుండుటకు నోచుకొనని పిల్లలకు ఈ సీమలో పలకాబలపము చేతికి వచ్చిన దారి యిది. ఆ దారి లేనిచో జాషువాగారికి అక్షరాభ్యాసమే దుర్లభమై యుండెడిది. అయినను బడి తలుపు తెఱచినంతమాత్రమున బడిలోని మనసులు తెఱచుకొనవు. అది యా పసివాడు త్వరలోనే తెలిసికొనెను.

రెండు వాకిళ్ల నడుమ

జాషువాగారు 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని జన్మించిరి. తండ్రి వీరయ్యగారు యాదవులు. తల్లి లింగమాంబగారు మాదిగ కులమువారు. ఇరువురును క్రైస్తవులు. కులము దాటి పెండ్లి చేసికొన్నవారిని నేటికిని వెలివేయు తావులు గలవు. నూటముప్పది యేండ్ల క్రిందటి మాట చెప్పనేల! ఆ దంపతులకు బుట్టిన బిడ్డ యొక వాకిటివారికి బొత్తుగా తనవాడు గాడు, రెండవ వాకిటివారికి పూర్తిగా తనవాడు గాడు. హిందువుల దృష్టిలో క్రైస్తవుడు, పైపెచ్చు అంటరానివాడు. పెద్దవాడై పురాణకథలు పద్యములుగా వ్రాయ నారంభించినపుడు క్రైస్తవ మతపెద్దలకును గిట్టక వారిచేతను బహిష్కృతుడయ్యెను. ఏ పంక్తిలోను ఆకు వేయని బాల్యము వారిది.

బడిలో ఉపాధ్యాయులును తోడిపిల్లలును కులము పేరెత్తి అవమానించుచుండిరి. ఇట్టి యెడ సామాన్యముగా పిల్లలు రెండు విధములుగా నుందురు. కొందఱు తల వంచుకొని మూలగూర్చుండి, తమలో నిజముగనే యేదో లోపమున్నదని నమ్మి క్రుంగిపోదురు. కొందఱు తిరుగబడుదురు. జాషువా రెండవ తెగవాడు. కులము పేరుతో దూషించినవానిని కొట్టక విడిచెడివాడు కాడు. కొట్లాట మంచిదని నేననుట లేదు. కాని యా పిడికిలిలో నొక నమ్మకము గలదు: “నీవన్న మాట అబద్ధము, నేను నీకంటె తక్కువవాడను కాను” అను నమ్మకము. ఆ నమ్మకము చావకుండుటయే వారి బాల్యమునకు మొదటి రక్ష. పిడికిలి కాలక్రమమున వదలినది. నమ్మకము మాత్రము వదలక కలములో జేరినది.

ఆ పిల్లవాడు కొట్లాటకు మాత్రమే పుట్టినవాడు కాడు. బొమ్మలు వేయుటయన్న వానికి సరదా. పాడుటయన్న మఱింత సరదా. కంటికి రూపమును, చెవికి రాగమును గ్రహించు శక్తి పసితనముననే యుండెను. ముందుముందు వారి పద్యములు చదివినవారు కన్నులకు గట్టినట్లున్నవనియు, పాడుకొనుటకు తగినట్లున్నవనియు మెచ్చుకొన్నది ఈ రెండు గుణములనే.

ఒక మిత్రుడు, ఒక గురువు

అవమానమే కవిని జేయునని కొందఱు తేలికగా జెప్పుదురు. అది నిజమైనచో మన దేశమున ప్రతి వాడలోను వందలాది మహాకవులు పుట్టియుండవలెను. అవమానము లెందఱో పడిరి. వారిలో నూటికి తొంబది తొమ్మిదిమంది యా బాధను మ్రింగి, నోరు మెదపకయే మట్టిలో గలిసిరి. జాషువాగారి విషయమున బాధతోపాటు మఱి రెండు కలిసివచ్చినవి. అవి లేనిచో “గబ్బిలము” లేదు.

అందు మొదటిది స్నేహము. అనంతరకాలమున పండితులుగను కవులుగను పేరొందిన దీపాల పిచ్చయ్యశాస్త్రిగారు జాషువాగారికి బాల్యమిత్రులు. ఒక బ్రాహ్మణబాలుడును, ఊరు వేలెత్తి చూపు నొక పిల్లవాడును పద్యములు చెప్పుకొనుచు కలిసి తిరిగిరి. ఈ సాహచర్యముననే జాషువాకు కవిత్వముపై మక్కువ కలిగినది. పెద్దలు కట్టిన గోడలను పిల్లలు తామై యెప్పుడును చూడరు, చూపినపుడే చూతురు.

రెండవది విద్య. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు జాషువాగారికి రఘువంశము, కుమారసంభవము, మేఘసందేశము పాఠము చెప్పిరి. ఈ వాక్యమును తొందరగా చదివి దాటిపోరాదు. సంస్కృతము ఫలానివారికే చెప్పవలె, ఫలానివారు వినరాదు అని కట్టడియున్న కాలమది. అట్టి దినములలో నొక శాస్త్రిగారు కాళిదాసుని మూడు కావ్యములను ఒక క్రైస్తవ యువకునికి, అందులోను పంచముడని లోకము దూరముంచిన యువకునికి, బోధించుట సామాన్యమైన ధైర్యము కాదు. ఆయన సభలెక్కి ఉపన్యసించినట్లు మనము వినలేదు. తాను నేర్చినదానిని అడిగిన శిష్యునికి దాచక చెప్పెను, అంతే. అయినను ఆ పాఠము తెలుగు సాహిత్యమునకు చేసిన మేలు పెద్ద పెద్ద సభలు చేయలేదు.

ఈ రెండింటికి నడుమ మఱియొక సంఘటనము జరిగినది. వినుకొండలో నొక అవధానసభ జరిగినపుడు జాషువాగారు పద్యములు చదివిరి. పద్యములో దోషమున్నదా, యతిప్రాసలు కుదిరినవా యని యడుగుటకు మారుగా, తక్కువ కులమువానిని సభలోనికి ఎందుకు రానిచ్చితిరని కొందఱు అల్లరి చేసిరి. బడిలో పడిన మాట పసితనపు మాట; ఇది విద్వత్సభలో పడిన మాట. అక్షరము నేర్చినచో గౌరవము దానంతట వచ్చునన్న యాశపై పడిన దెబ్బ యిది. జీవితాంతము వారికి మఱపురాని గాయములలో నిదియొకటి.

మూడు రూపాయల సంసారము

1910లో జాషువాగారికి మేరీగారితో వివాహమైనది. వరునికి పదునైదేండ్లు. మిషను బడిలో ఉపాధ్యాయ పదవి. జీతము నెలకు మూడు రూపాయలు. మూడు రూపాయలతో నెలంతయు పొయ్యి వెలిగించుట యెట్టిదో, ఏ దినము ఏది మానుకొనవలసి వచ్చునో, సంసారము నడపు స్త్రీలకు ఎవరును విప్పి చెప్పనక్కఱలేదు. కవుల చరిత్రములలో వారి భార్యల పేరు ఒక పంక్తిలో వచ్చి పోవును. ఆ పంక్తి వెనుక నెన్ని పూటల గంజియున్నదో లెక్కించిన చరిత్రకారుడు లేడు.

ఆ మూడు రూపాయల పనియు పోయినది. 1915–16 ప్రాంతమున జాషువాగారు రాజమహేంద్రవరము చేరి ఒక చిత్రమైన యుద్యోగము చేసిరి. అప్పటి చలనచిత్రములకు మాటలు లేవు. తెరమీద బొమ్మలు కదలుచుండ, ప్రక్కన నొకడు నిలిచి కథయు సంభాషణలును బిగ్గరగా చెప్పవలెను. ఆ వాచకుని పని వారు చేసిరి. రాజు వచ్చిన రాజువలె, తల్లి యేడ్చిన తల్లివలె పలుకవలెను. వెనుక బెంచీలలోని చదువురాని ప్రేక్షకునికి సైతము మాట సూటిగా తగులవలెను. జాషువాగారి పద్యము పండితునికి వ్యాకరణశుద్ధమై, పొలము దున్నువానికి నోటికి వచ్చునట్లుండుటకు ఈ పనియు కొంత కారణమై యుండునని నాకు తోచుచున్నది. ప్రయాసపడిన యే పనియు కవికి వ్యర్థము కాదు.

తరువాత గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున పదియేండ్లు, 1928 మొదలు 1942 వరకు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా నుండిరి. బడిలో అవమానింపబడిన బాలుడు బడిపంతులై జీవితములో హెచ్చుభాగము గడపుట గమనింపదగినది.

గాయము కావ్యమైన తీరు

ఇప్పుడు కావ్యముల వంక జూతము. 1932లో వెలువడిన “పిరదౌసి” పారసీక మహాకవి కథ. గజనీ సుల్తాను మహమ్మదు పద్యమునకొక బంగారు నాణెము చొప్పున నిత్తునని మాట యిచ్చెను. కవి ముప్పది యేండ్లు శ్రమించి షానామాను ముగించెను. చివరకు సుల్తాను బంగారమునకు బదులు వెండి యిచ్చి మాట తప్పెను. కాలము మించిన తరువాత పశ్చాత్తాపపడి బంగారము పంపగా, అది వచ్చువేళకు కవి కన్నుమూసెననియు, ఆయన కుమార్తె యా ధనమును తాకక త్రిప్పి పంపెననియు ప్రాచీనగాథ. ఎక్కడి పారసీకము, ఎక్కడి వినుకొండ! అయినను కవిని గౌరవింపని సభ యెట్టిదో జాషువాగారు పుస్తకములో చదివి తెలిసికొనలేదు. ఆ కథ వారికి దొరికినది కాదు. వారి హృదయము వెదకి పట్టుకొన్నది.

1941 నాటి “గబ్బిలము” సంగతి యింకను విశేషమైనది. కాళిదాసుని మేఘసందేశమున కుబేరుని శాపముచే భార్యకు దూరమైన యక్షుడు మేఘముచేత సందేశము పంపును. “గబ్బిలము”లో సందేశము పంపువాడు దక్షిణదేశమున తంజావూరి సీమలోని యొక నిరుపేద, అరుంధతీ సంతతివాడు. పంపునది ప్రియురాలికి గాదు; పరమశివునికి. దేవుని యెదుట నిలిచి తన బాధ చెప్పుకొనుటకు వానికి గుడిలో ప్రవేశము లేదు. గుడిలోనికి అడ్డులేక పోవునది గబ్బిలము. కావున దానినే వేడుకొనును.

కవి నేర్పు నిచ్చట జూడవలెను. యక్షుని శాపము ఒక యేడాది. గడువు తీరగనే భార్యను కలిసికొనును. ఈ పేదవాని శాపము పుట్టుకతో వచ్చినది, గడువు లేదు. యక్షునికి దూతయైన మేఘము ఆకాశమున వైభవముగా సాగును, లోకమంతయు దానికి ఎదురు చూచును. ఇతని దూత చీకటిలో తలక్రిందుగా వ్రేలాడు గబ్బిలము. ఇంటిలో దూరిన అశుభమని జనము తఱుముదురు. పక్షులలో చేరదు, జంతువులలో చేరదు. రెండు వాకిళ్ల నడుమ పెరిగిన బాలుడు ఎదిగి, కావ్యమునకు దూతను వెదకినపుడు గబ్బిలమునే యేల యెన్నుకొనెనో ఇప్పుడు మనకు బోధపడకపోదు.

హనుమచ్ఛాస్త్రిగారు మేఘసందేశము చెప్పకున్నచో ఈ కావ్యమునకు రూపము లేదు. బడిలోను, సభలోను ఆ మాటలు పడకున్నచో ఈ కావ్యమునకు ప్రాణము లేదు. బాధ మాత్రమే యున్నచో అది నిట్టూర్పై పోయెడిది. విద్య మాత్రమే యున్నచో మేఘసందేశమునకు మఱియొక యనుకరణము పుట్టెడిది. రెండును ఒక్క హృదయమున గలియుటచే తెలుగున అంతవఱకు లేని గొంతు వినబడినది. పేదరికమును, కులమతభేదమును తనకు ఇరువురు గురువులని జాషువాగారు చెప్పుకొనిరి. మొదటిది ఓర్పు నేర్పినదట, రెండవది ఎదిరించు శక్తిని పెంచినదట. ఆ యిద్దఱి ప్రక్కన మూడవ గురువు హనుమచ్ఛాస్త్రిగారిని మనము కూర్చుండబెట్టవలెను.

వారి ఖండకావ్యములలో “శిశువు” చదువని తల్లి చదువవలెను. “శ్మశానవాటిక” పద్యములను చదువనివారు సైతము వినియుందురు. పల్లెలలో హరిశ్చంద్ర నాటకము కట్టినపుడు కాటిసీనులో ఆ పద్యములను పాడుట పరిపాటి. తెల్లవారుజామున చలిలో గోనెపట్టాలపై గూర్చుండిన ప్రేక్షకులు వానిని మరల మరల పాడించుకొందురు. బ్రతికినన్నాళ్లు మనుష్యులను వేఱు చేసిన అంటు, చితివద్ద నిలువజాలదన్న భావమును, గుడిమెట్లపై నిలిచినవారును వాడ చివర నిలిచినవారును ఒక్క చోట గూర్చుండి విందురు. అవధానసభలో రానీయని కవిని నాటకరంగము ఊరూర నిలిపినది.

ఆంగ్లదేశపు బాలుడొకడు

బాల్యపు గాయము గ్రంథమగుట మన దేశమునకే పరిమితమైనది కాదు. ఆంగ్ల నవలాకారుడు చార్లెసు డికెన్సు పండ్రెండేండ్లవాడై యుండగా, 1824లో, తండ్రి అప్పులక్రింద చెఱసాల పాలయ్యెను. పిల్లవానిని బూట్ల మసి చేయు కార్ఖానాలో, వారమునకు ఆరేడు షిల్లింగుల కూలికి సీసాలకు కాగితము లంటించు పనిలో బెట్టిరి. తండ్రి విడుదలయై వచ్చి మరల బడికి పంపుదమనగా, తల్లి పనికే పంపవలెనని కోరెను. ఆ సంగతిని డికెన్సు ఎన్నడును మఱవలేదు. “డేవిడ్ కాపర్‌ఫీల్డు” నవలలో ఆ బాలుని బాధ కనబడును. కాని అది తన కథయేయని ఆయన లోకమునకు జెప్పలేదు. మరణానంతరము మిత్రుడు వ్రాసిన చరిత్రమువలననే వెల్లడియైనది.

జాషువాగారు దాచలేదు. “నా కథ” యను పేరుతో తన జీవితమును పద్యములలోనే వ్రాసికొనిరి. డికెన్సు గాయము దాచుకొనదగినదని తలచెను. అది తన కుటుంబపు లజ్జ యనుకొనెను. జాషువాగారు ఈ లజ్జ తనది కాదు, తన్ను నొచ్చినవారిదని గ్రహించిరి. ఈ భేదము చిన్నది కాదు.

గండపెండేరము, కుమార్తె

లోకము ఆలస్యముగనైనను బాకీ తీర్చినది. తిరుపతి వేంకటకవులలో నొకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, తెలుగునాట అవధానవిద్యకు పర్యాయపదమనదగిన పెద్దలు, స్వహస్తములతో జాషువాగారి పాదమునకు గండపెండేరము తొడిగిరి. ఒక అవధానసభలో లోనికి రావలదన్న వానికి, అవధానులలో అగ్రగణ్యుడొకరు పాదము తాకి సన్మానము చేయుట! ఆనాడు వినుకొండ సభలో అల్లరి చేసినవారి పేర్లు నేడెవరికిని తెలియవు.

1964లో “క్రీస్తు చరిత్ర”కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ యేటనే శాసనమండలి సభ్యులైరి. 1970లో పద్మభూషణ బిరుదము వచ్చినది. 1971వ సంవత్సరము జూలై 24వ తేదీని గుంటూరులో పరమపదించిరి.

బిరుదములకంటె పెద్ద వారసత్వ మొకటి గలదు. వారి కుమార్తె హేమలతగారు నాస్తికోద్యమ నాయకులు గోరాగారి కుమారుడు లవణముగారిని వివాహమాడి, దంపతులిరువురును సంఘసేవకు జీవితము నర్పించిరి. ప్రభుత్వము నేరస్థజాతియని ముద్ర వేసిన స్టూవర్టుపురపు కుటుంబముల నడుమ పనిచేసి వారిని గౌరవజీవనమునకు మరల్చుటకును, ఆడుపిల్లలను దేవతపేర ఊరికి అర్పించు జోగినీ దురాచారమును మాన్పుటకును హేమలతగారు పాటుపడిరి. ఒక పిల్లవానిని లోకము పుట్టుకతో దోషియన్నది. ఆ పిల్లవాని కుమార్తె, పుట్టుకతో దోషులని లోకము ముద్రవేసినవారి యిండ్లకు వెదకి వెదకి పోయినది. తండ్రి పద్యములో జెప్పినది కుమార్తె పనిలో జూపెను. తండ్రిని గూర్చి “మా నాన్నగారు” అను పుస్తకమును ఆమెయే వ్రాసిరి. 2008లో ఆమె దివంగతులైరి.

మనము గ్రహింపవలసినది

సోదరీమణులారా! జాషువాగారి కథ చదివి, కష్టములే గొప్పవారిని జేయును గనుక కష్టములు మంచివేయని తృప్తిపడరాదు. అది గాయపఱచినవారికి మాత్రమే యనుకూలమైన వాదము. ఒక జాషువా పైకి వచ్చెను. ఆ బడులలోనే యట్టి మాటలు పడి, చేయూతనిచ్చు గురువు దొరకక, పలకను పగులగొట్టి పశువుల వెంట బోయినవారెందఱో! వారు వ్రాయని కావ్యములు మనకు దక్కనివే.

బడిలో జాషువాను దూషించిన పిల్లలు ఆ మాటలను తామై కల్పించుకొనలేదు. ఏ యింటి వంటయింటిలోనో, ఏ యరుగుమీదనో వినిరి. “వానితో ఆడకు, ఆ యింట నీళ్లు త్రాగకు” అని యే తల్లియో, ఏ యవ్వయో మెల్లగా జెప్పియుండును. ఆమె యది ఆచారమనుకొనెను. అచ్చట బడి యింకొక తల్లి కన్నబిడ్డ గుండెలో అది ముల్లై దిగినది. పిల్లలకు మనము నేర్పని పాఠములకంటె, నేర్పుచున్నామని యెఱుగకయే నేర్పు పాఠములు బలమైనవి.

నేడు చట్టములు మారినవి, అంటరానితనము నేరమైనది, బడిలో నందఱును ఒకే బల్లపై కూర్చుందురు. అయినను పేరు వినగనే యింటిపేరడుగుట, ఇంటిపేరు వినగనే మొగము మార్చుకొనుట మానని యిండ్లు లేకపోలేదు. మీ బిడ్డ బడినుండి యొక స్నేహితుని వెంటబెట్టుకొని వచ్చినపుడు మొదట నడుగు ప్రశ్న యేదియో ఒకసారి గమనింపుడు. “ఆకలిగా నున్నదా నాయనా?” యని యడిగిన యింట నొక పిచ్చయ్యశాస్త్రి పెరుగుచున్నాడు. వేఱొక ప్రశ్న యడిగిన యింట, అవధానసభలో అల్లరి చేయబోవువాడు పెరుగుచున్నాడు. ఆ గుమ్మములో నిలిచిన చిన్నవాడు రేపు యేమి కాగలడో మనకు దెలియదు. వినుకొండలో నూరేండ్లకు పూర్వము ఎవరికిని దెలియలేదు.